హైమ తీసేయబోయిన స్నాప్‌షాట్

పిల్లలూ, ఒక వస్తువు పాతదని పారేసేముందు ఏం చూడాలి? విరిగిందా అనా? కాదురా చిన్నోడా. దాన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని. ఎందుకో వినండి.

అనగనగా, మరీ అంత అనగనగా ఏం కాదులే, ఈమధ్యనే, ఒక ఊళ్ళో కంటి ఆసుపత్రి ఉండేది. అక్కడి కంప్యూటర్లు చూసే అమ్మాయి పేరు హైమ. రోగుల కంటి కొలతలన్నీ ఒక డిస్కులో ఉండేవి. దానికి అప్పుడప్పుడూ స్నాప్‌షాట్ తీసేవారు. అంటే, పలక మీద పల్చటి కాగితం పరిచినట్టన్నమాట. కింద అక్షరం మారితే, పాత అక్షరాన్ని కాగితం దాస్తుంది. కావాలంటే కాగితం మీదే కొత్తగా రాసుకోవచ్చు కూడా. కానీ అది చిన్నది. నిండిందా, చిరిగిపోతుంది. ఇక అందులోది ఏదీ దక్కదు.

ఒకరోజు ఆ కాగితం నిండబోతోందని కంప్యూటర్ హెచ్చరించింది.

“పాత స్నాప్‌షాటే కదమ్మా, పీకెయ్,” అన్నాడు మేనేజరు సాంబమూర్తి.

తీసేముందు హైమ దాన్ని డిస్కు నుంచి విడదీయబోయింది. “వాడుకలో ఉంది,” అంది కంప్యూటర్. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే మాట.

“బలవంతంగా లాగెయ్! బయట అంతమంది పేషెంట్లుంటే నువ్విక్కడ దాన్ని బతిమాలుతున్నావా?”

ఆ తర్వాత హైమ బలవంతంగానే తీసేయబోయింది. “నిజంగా తీసెయ్యనా?” అనడిగింది కంప్యూటర్. వేలు మీట దాకా వెళ్ళి ఆగింది.

“పాతదైతే ఇంకా ఎవరు వాడుతున్నారు సార్?”

వెతికి చూస్తే తెలిసింది. కిందటివారం ఏదో ప్రోగ్రాం డిస్కులోని కొలతల్ని పాడుచేస్తే, పని ఆగకూడదని అందరినీ ఆ స్నాప్‌షాట్ మీదికి మళ్ళించారు. ఆ సంగతే మరిచిపోయారు. అప్పట్నుంచీ రాసినదంతా పలక మీద లేదు, కాగితం మీదే! ఆపరేషన్ బల్ల మీద పడుకున్న చేపల సూరమ్మ కంట్లో ఏ లెన్సు పెట్టాలో, ఆ కొలతా అక్కడే.

“తీసేస్తే పోతాయి సార్. ఉంచితే చిరిగిపోతాయి!”

సాంబమూర్తి కౌంటర్ల వైపు పరుగెత్తాడు. “ఎవరూ ఏమీ రాయకండి! చేతులు తీయండి!”

అప్పుడు హైమ కాగితం మీదిదంతా కొత్త డిస్కుకు కాపీ పెట్టింది. అది నత్తలా నడిచింది. కాగితంలో మిగిలింది వేలెడు చోటు. ఎవరైనా తెలియక ఒక్క పేరు రాస్తే చాలు.

కాపీ అయింది. కానీ అయిందని నమ్మేయలేదు హైమ. కొత్త డిస్కులో సూరమ్మ పేరు తెరిచింది. డాక్టరుగారు కాగితం మీది కొలతా, కొత్త డిస్కులోదీ పక్కపక్కన పెట్టి చూసి, “అదే, అదే!” అంటూ ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు.

ఆ తర్వాత అందరినీ కొత్త డిస్కు మీదికి మార్చి, హైమ మళ్ళీ విడదీసింది. ఈసారి కంప్యూటర్ కిక్కురుమనలేదు. అప్పుడు, సరైనదేనా అని దాని పేరు పైకి చదివి మరీ స్నాప్‌షాట్ తీసేసింది.

సూరమ్మ కంటికి కట్టుతో బయటికొచ్చి ఒకటే తిట్లు. “ఇంతసేపు పడుకోబెట్టారు, నా చేపలు ఎవరమ్ముతారే పిల్లా?”

“రేపట్నుంచి రెండు కళ్ళతో చూసి అమ్ముకుందువుగాని పిన్నీ,” అంది హైమ.

కథ కంచి దారి పట్టింది,
కన్ను నిద్ర దారి పట్టింది.

ఇక పడుకోండర్రా. పాలు కాచి తోడు పెట్టకుండానే వచ్చేశాను, వెళ్ళొస్తా.