ఊరంతా తిన్న వంకాయ కూర

తుమ్మలకోట రాజు నారసింగ భూపతికి ఒక ముచ్చట ఉండేది. ఏ పని చెయ్యాలన్నా జనం మాట వినాలి. అందుకని కోటగోడ పొడవునా తాడు కట్టించి, "మీరు చెప్పాలనుకున్నది గుడ్డపీలిక మీద రాసి ఇక్కడ కట్టండి. ఎక్కువమంది మాటే నా మాట" అని చాటింపు వేయించాడు.

ఆ తాడుకి అధికారి సర్వోత్తమరాయలు. పొద్దున్నే పీలికలు చదివి రాజుకి విన్నవించడం ఆయన పని. జనం ఒక్కమాట మీద ఉన్ననాడు రాజు ఆయన వంక చూసేవాడే కాదు. జనం రెండుగా చీలిననాడు మాత్రం, "రాయలూ, నువ్వేమంటావు?" అనేవాడు. ఆ మాట చెవిన పడితే చాలు, రాయలు మీసం దానంతటదే లేచేది.

ఆ యేడు పక్కరాజ్యంలో మశూచి లేచింది. టీకాలు వేసే వైద్యుడొకడు వచ్చి సత్రంలో దిగాడు. "మూడు రోజులుంటాను. రాజుగారు ఊఁ అంటే ఊరందరికీ వేస్తాను. లేదంటే పై ఊరికి పోతాను" అన్నాడు.

మర్నాటికి తాడు కనపడకుండా పీలికలు. సగం పీలికల మీద, "టీకా వద్దు, కొమ్ములొస్తాయి." మిగతా సగం మీద, "టీకా వద్దన్నవాణ్ణి ఊరు దాటించండి." అవి చదివి బజారులో అన్నదమ్ములు మాటలు మానేశారు. బావి దగ్గర బిందెలు ఢీకొన్నాయి. వైద్యుణ్ణి సంగతి అడుగుదామని బయల్దేరినవాళ్ళు కూడా, ఎందుకొచ్చిన గొడవ అని వెనక్కొచ్చి తలుపులేసుకున్నారు.

"రాయలూ, నువ్వేమంటావు?" అన్నాడు రాజు.

"జనం కొట్టుకునేలా ఉన్నారు ప్రభూ. వైద్యుణ్ణి పంపించేద్దాం."

కోటలో బట్టల కొట్టు చూసుకునే మాచమ్మ ఆ పక్కనే పట్టుశాలువాలు మడతపెడుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. మాచమ్మ కూతురు పోయినసారి మశూచికే పోయింది. ఆ కూతురి బిడ్డ ఎర్రక్కకి ఇప్పుడు నాలుగేళ్ళు. పిల్లకి టీకా పడకుండా ఆ వైద్యుడు ఊరు దాటకూడదు.

తిన్నగా తాడు దగ్గరికి పోయింది. ఒక పీలిక చూసింది, పక్కది చూసింది. వద్దన్న పీలికలోనూ, ఊరు దాటించమన్న పీలికలోనూ 'టీకా'లో 'ట' అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. అలాంటివి రెండువేల దాకా ఉన్నాయి. పలక పట్టిన కొత్తలో పిల్లలు అక్షరాలు తిరగేసి రాస్తారు, నిజమే. ఊళ్ళో పెద్దవాళ్ళంతా కూడబలుక్కుని ఒకే అక్షరాన్ని తిరగేస్తారా? చీరల అద్దకానికి చెక్క అచ్చు చెక్కేవాడైతే ఏమరుపాటున ఒక అక్షరం తిన్నగా చెక్కేస్తాడు, గుడ్డ మీద అది తిరగబడి పడుతుంది. అది మాచమ్మకి తెలిసిన సంగతే.

ఆ అచ్చు పీలికల మధ్య నలిగిపోయి, చేత్తో రాసినవి అరవైమూడు దొరికాయి. "పాలిచ్చేదాన్ని, వేయించుకోవచ్చా?" "జ్వరం ఎన్నాళ్ళుంటుంది?" వాటికి జవాబు చెప్పినవాడు లేడు.

మాచమ్మ సభకి వచ్చింది. "ఏలినవారూ, వైద్యుణ్ణి పంపేముందు ఆ పీలికలు కట్టినవాళ్ళని నేనొక్క మాట అడగొచ్చా?"

"ఏమని?"

"ఇవాళ మీ ఇంట్లో ఏం కూర, అని."

సభ గొల్లుమంది. రాయలు, "బట్టలు మడతపెట్టే బుర్రకి అంతకంటే ఏం తడుతుందిలే" అన్నాడు.

"చిన్న ప్రశ్నే రాయలుగారూ. ఇంట్లో పొయ్యి వెలిగేవాళ్ళెవరైనా చెప్పగలరు."

రాజుకి సరదా వేసింది. రేపు పొద్దుటికి కూర పేరు చెప్పనివాడి మాట లెక్కలోకి రాదని చాటించాడు. రాయలు ఆ పూట ఎందుకో తొందరగా ఇంటికి పోయాడు.

తెల్లారి తాడు చూద్దురుగదా, మళ్ళీ నిండుగా ఉంది. చేత్తో రాసినవి, "చింతకాయ పచ్చడి", "ఉలవచారు", "మా ఆవిడ అలిగింది, కూర లేదు." మిగతా రెండువేలూ ఒకటే మాట. "మా ఇంట్లో వంకాయ కూర."

"మన ఊరికి వంకాయంటే ఇంత ప్రాణమా!" అన్నాడు రాజు.

"జనం మాట ప్రభూ" అన్నాడు రాయలు, మీసం దువ్వుకుంటూ.

"మరి నిన్న తమరింట్లో ఏం కూర, రాయలుగారూ?" అంది మాచమ్మ.

"గుత్తివంకాయ. మా పెరటి కాయ. వెన్నలా ఉంటుంది."

మాచమ్మ ద్వారం వైపు తిరిగి, కూరలమ్మే సుంకులమ్మని పిలిచింది. "అక్కా, నిన్న బజారులో వంకాయలు ఎన్ని బుట్టలొచ్చాయి?"

"వంకాయా? నయమే. పదిహేను రోజుల వానకి తోటలన్నీ కుళ్ళిపోతే. ఊరు మొత్తానికి కాస్తున్నది మెట్టమీద రాయలుగారి పెరట్లోనే. ఆయన ఒక్క కాయ బయటికి పోనిస్తేనా?"

మాచమ్మ చేతులు జోడించింది.

"అయితే నిన్న రెండువేలమందీ రాయలుగారి పంక్తిలోనే భోంచేశారన్నమాట."

రాజుకి ఒక్క క్షణం పట్టింది. తర్వాత సింహాసనం కదిలేలా నవ్వాడు. మాచమ్మ మూడు పీలికలు ఆయన ముందు పరిచి, 'టీకా'లోనూ, 'ఇంట్లో'లోనూ తిరగబడ్డ 'ట'ని వేలితో చూపించింది. "ఈ అక్షరం కూడా ఆ పెరట్లో కాసిందే, ఏలినవారూ."

"జనం చీలితేనే కదా నిన్నడిగేది!" అన్నాడు రాజు రాయలుతో. "ఇక నేనడగను. పోయి ఆ పీలికలన్నీ విప్పి ఉతుకు. తెల్లగా వచ్చాక కనపడు." వాటి మీద అద్దినది కరక్కాయ నలుపు. ఎంత ఉతికినా పోదు.

తాడు అధికారం మాచమ్మకిచ్చాడు. అరవైమూడు పీలికలకీ వైద్యుడి చేత జవాబు రాయించమన్నాడు. "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"టీకా వరసలో ముందు రెండు చోట్లు. ఒకటి మా ఎర్రక్కకి. రెండోది తమరికి. తమరు వేయించుకుంటే తలుపులన్నీ తెరుచుకుంటాయి."

రాజు చెయ్యి చాచబోయి ఆగాడు. గొంతు తగ్గించి, "మాచమ్మా, కొమ్ములు రావు కదా?" అన్నాడు.

"వస్తే మంచిదే, ఏలినవారూ. కిరీటం జారకుండా ఉంటుంది."