పంక్తిలో రెండు బూరెలు

ఖాళీ కడుపుతో అడిగిన ప్రశ్నకు పెంచల స్వామి జవాబు చెప్పరు. ఎంతటివాడు వచ్చి ఎంత పెద్ద సందేహం వెళ్ళబోసుకున్నా, ఆయన ఓపిగ్గా విని, తల ఊపి, “ముందు భోంచెయ్యి నాయనా” అంటారు. భోజనమయ్యాక సగం మందికి ప్రశ్నే గుర్తుండదు. మిగతా సగం మంది వసారాలో నిద్రపోతారు. ఇదేదో మహా ఉపాయమని నేను అనను. ఇన్నేళ్ళు ఆయన దగ్గరుండి కూడా నా సందేహాలు చాలావరకు తీరకపోవడానికి ఈ పద్ధతే కారణమని నా అనుమానం. అయినా ఆ ఆదివారం జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మా ఆశ్రమం నెల్లూరు దాటాక హైవేని ఆనుకుని ఉంటుంది. అందుచేత మధ్యాహ్నం పంక్తిలో శిష్యులు ఎంతమందో, దారిన పోయేవాళ్ళూ అంతమంది. వచ్చినవాళ్ళకు ఆకు వేస్తాం, ఏ ఊరని కూడా అడగం. ఆ రోజు ఒక దాత బెల్లమూ పప్పూ పంపించాడు గనక, వంటశాలలో కామాక్షమ్మ తెల్లవారినప్పటి నుంచి బూరెలు వండుతోంది. ఆ వాసనకి నాకు జపం కూడా సరిగ్గా సాగలేదు.

అటువంటి పూట శశాంక్ వచ్చాడు. అతను కార్ల రేసుల్లో బండి నడుపుతాడు. వాళ్ళ తాతగారి కాలం నుంచి ఆ కుటుంబం స్వామివారి శిష్యులే. ఏటా రేసులు మొదలయ్యే ముందు వచ్చి, కాళ్ళకు దణ్ణం పెట్టి, విభూతి పొట్లం జేబులో వేసుకుని పోతాడు. ఈసారి మాత్రం రేసులన్నీ ముగిశాక వచ్చాడు. దేశంలోకెల్లా ఛాంపియన్ అయి వచ్చాడు. కానీ ఆ మొహం గెలిచినవాడి మొహంలా లేదు. గడ్డం మాసింది, కళ్ళ కింద నలుపు, పలకరిస్తే ఎటో చూస్తూ సమాధానం.

జరిగింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. నాకు కారంటే బస్సు దొరకనప్పుడు ఎక్కేది, అంతకు మించి తెలియదు. ఏడాదంతా జరిగిన పోటీల్లో శశాంక్, హైదరాబాదు అబ్బాయి ఖదీర్, ఇద్దరూ సమానంగా వచ్చి నిలబడ్డారు. చివరి రేసు ఎవరు గెలిస్తే వాడే ఛాంపియన్. ఆ రేసులో మొదటి నుంచీ ఖదీరే ముందున్నాడు. మధ్యలో పెద్ద వాన పడింది. అందరూ వాన టైర్లు వేసుకున్నారు. వాన మరీ ముదిరేసరికి రేసు ఆపేసి, కార్లన్నిటినీ వరసగా నిలబెట్టారు. అలా ఆపినప్పుడు అధికారి చెప్పేదాకా ఎవరూ బండిని ముట్టుకోకూడదు. చెబితే అందరికీ చెప్పాలి, లేకపోతే ఎవరికీ చెప్పకూడదు. అదీ నియమం.

వాన వెలిసింది, ఎండొచ్చి రోడ్డు ఆరింది. ఆరిన రోడ్డు మీద వాన టైర్లు పనికిరావు. అధికారి వరస వెంబడి వస్తూ శశాంక్ మనుషులతో “టైర్లు మార్చుకోండి” అన్నాడు. ఇంతలో అతని చెవిలో పెట్టుకున్న ఫోనులో ఎవరో తొందరపెట్టారు. పొద్దు వాలుతోంది, టీవీ వాళ్ళ సమయం అయిపోతోంది. అతను మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళకుండానే వెనక్కి తిరిగిపోయాడు. పచ్చజెండా ఊపారు. మిగిలింది ఒకే చుట్టు. ఆఖరి మలుపులో ఇంకా వాన టైర్ల మీదే ఉన్న ఖదీర్ బండి జారింది, శశాంక్ పక్కనుంచి దూసుకుపోయాడు. అంతే, ఛాంపియన్.

ఇక చూడండి, దేశమంతా రెండు ముక్కలైంది. మా వసారా కూడా రెండు ముక్కలైంది. రిటైరైన వెంగళరెడ్డి మాస్టారు ఒక పక్క, మందుల షాపు రంగనాయకులు మరో పక్క. ఫోనులో ఆ ఆఖరి మలుపు వేసుకోవడం, ఆపడం, మళ్ళీ వేసుకోవడం.

“అధికారి మాటే మాట!” అన్నారు మాస్టారు. “ఆయన పొరపాటు చేస్తే ఆయన్ని అడగండి. ఇచ్చింది పుచ్చుకున్న పిల్లవాడి మీద పడతారేం? ప్రతివాడూ లేచి ఇదేం న్యాయం అంటే ఇంక ఆటలెందుకు, కోర్టులు పెట్టుకోవచ్చు.”

“అట్లయితే మాస్టారూ, మీ స్కూల్లో పరీక్షప్పుడు ఒక్కడికే అరగంట ఎక్కువిచ్చి వాడికి ఫస్టు ర్యాంకు కట్టబెట్టేవారా?” అన్నాడు రంగనాయకులు.

“నా స్కూలు జోలికి రాకు!”

“మీరు ఖదీర్ జోలికి రాకండి!”

లారీ ఆపుకుని భోజనానికి వచ్చిన ముసలి డ్రైవరు మాలకొండయ్య కాళ్ళు కడుక్కుంటూ ఈ గోలంతా విని, “ఆకులెప్పుడేస్తారు సామీ?” అని నన్ను మెల్లగా అడిగాడు. ఆ వసారాలో ఇంగితం ఉన్న మాట అదొక్కటే అనిపించింది నాకు. శశాంక్ మాత్రం స్తంభానికి ఆనుకుని, మాస్టారు తనను మెచ్చుకున్నప్పుడల్లా ఇంకాస్త కుంచించుకుపోతున్నాడు.

చివరికి లేచి స్వామి దగ్గరికి వెళ్ళాడు. నేను విసనకర్రతో అక్కడే ఉన్నాను.

“స్వామీ, తప్పు ఇంకొకరు చేసి, దాని ఫలం నేను అడక్కుండానే నా ఒళ్ళో పడితే, పాపం ఎవరిది?” అన్నాడు.

స్వామి విన్నారు. అతనే మళ్ళీ అందుకున్నాడు. “రేపు పొద్దున ఆ రేసు మీద విచారణ. ఒకే ఒక్క మాట అడుగుతారట, పక్కవాళ్ళకి అనుమతి రాలేదని నీకు తెలుసా అని. తెలియదంటే కప్పు నాకే ఉంటుంది. నేనేం ఎవర్నీ మోసం చెయ్యలేదు స్వామీ. మార్చుకోమన్నారు, మావాళ్ళు మార్చారు. నా పని నడపడం, నడిపాను. మా నాన్న ఉన్నదంతా నా మీద పెట్టాడు. ఊళ్ళో ఊరేగింపు కూడా పెట్టుకున్నారు. తెలియదని చెప్పడంలో తప్పేముంది?”

“మరి నీకు తెలుసా?” అని అడగాలి గదా ఎవరైనా! నేనైతే అడిగేవాణ్ణి. స్వామి తల ఊపి, “ముందు భోంచెయ్యి నాయనా” అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కుర్రవాడు అంత బరువు మోసుకొస్తే ఈయనకి తిండి గొడవేమిటి అనుకున్నాను.

ఆకులు వేశారు. శశాంక్‌కి అటు మాలకొండయ్య, ఇటు నేను. నా పక్కన రంగనాయకులు, ఎదురు వరసలో మాస్టారు. అన్నం, పప్పు, దోసకాయ పచ్చడి, చారు వచ్చాయి. బూరెలు కూడా పడ్డాక, వడ్డన పూర్తయి “గోవిందా” అనేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. అది అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అంతలో స్వామి లేచారు. ఆయన ఎప్పుడూ వడ్డనకు దిగరు. ఆ రోజు కామాక్షమ్మ చేతిలోని బూరెల గంప తానే తీసుకుని, పంక్తి వెంబడి నడిచారు. రంగనాయకులు ఆకు దాటారు. నా ఆకు దాటారు. పొరపాటున దాటారేమో అనుకుని నేను దగ్గాను కూడా. ఆయన శశాంక్ ముందు వంగి, రెండు బూరెలు ఆకులో పెట్టి, వేలితో చిల్లు పొడిచి, వాటి నిండా నెయ్యి పోశారు. మాలకొండయ్య ఆశగా, “ఇటు సామీ” అని చెయ్యెత్తాడు. స్వామి గంప మీద గుడ్డ కప్పేశారు.

“గోవింద అనండి” అన్నారు.

కామాక్షమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి, “ఏంది సామీ ఇది, గంప నిండా ఉండాయి గదా!” అంది. స్వామి గంప పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఎదురు వరసలోంచి వెంగళరెడ్డి మాస్టారు మాత్రం పట్టలేకపోయారు.

“ఇదెక్కడి వడ్డనండీ! ఒకే వరసలో కూర్చోబెట్టి ఒకడికి పెట్టి ఒకడికి పెట్టకపోవడమా? పంక్తిభేదం మహాపాపం!” అని గట్టిగానే అనేశారు. అన్నాక, అందరూ తనవైపు చూస్తుంటే, ఎందుకోగాని చటుక్కున నోరు మూసుకున్నారు.

గోవిందనామం ఎవరో సన్నగా అన్నారు. అందరం పప్పన్నం కలుపుకున్నాం. నిజం చెప్పొద్దూ, రెండు బూరెలకి నాకు గురువు మీద కూడా పట్టరాని కోపం వచ్చింది. తెల్లవారినప్పటి నుంచి ఆ వాసన పీల్చినవాణ్ణి నేను!

శశాంక్ అటూ ఇటూ చూశాడు. నా ఆకు చూశాడు, ముసలి డ్రైవరు ఆకు చూశాడు. తర్వాత, “స్వామి స్వయంగా వడ్డించారు, వద్దంటే బాగుండదు” అన్నాడు. ఎవరితో అన్నాడో నాకు తెలియలేదు. ఒక బూరె విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నెయ్యి వేళ్ళ వెంబడి కారింది.

మాలకొండయ్య ఎత్తిన చెయ్యి ఎప్పుడో దించుకున్నాడు. పప్పన్నం తింటూ, పక్కకు తిరిగి, కుర్రవాణ్ణి నవ్వుతూ అడిగాడు.

“బాగుండాయా బాబూ?”

ఆ మాటలో దెప్పు లేదు. ఈర్ష్య లేదు. పక్కనున్నవాడు తిన్నాడు గదా, ఎలా ఉన్నాయో తెలుసుకుందామని అడిగిన మాట అది. శశాంక్ నమలడం ఆపేశాడు. మింగలేడు, ఉమ్మలేడు. మెడ దాకా ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎలాగో మింగి, తల ఎత్తకుండా, ఆకుతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

“ఖదీర్ నన్ను అడిగాడు స్వామీ.”

కామాక్షమ్మ గరిటె కింద పెట్టింది.

“వాడి బండి నా ముందే ఉంది. వాడు కిందికి దిగి నిలబడ్డాడు. మావాళ్ళు టైర్లు మారుస్తుంటే చూసి, నావైపు తిరిగి చేత్తో సైగ చేశాడు, మాకు కూడానా అని. అధికారిని కాదు, నన్నే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపినా, నిలువుగా ఊపినా సరిపోయేది. వాడు పరిగెత్తుకెళ్ళి అడిగి ఉండేవాడు. టైముంది స్వామీ. నేను హెల్మెట్ అద్దం కిందికి లాక్కున్నాను. కనబడనట్టు. కిందటేడు నా గేర్‌బాక్సు పోతే తనది ఇచ్చినవాడు స్వామీ వాడు.”

మాస్టారు తన ఆకులోకి చూస్తూ కూర్చున్నారు. వాదనలో గెలిచిన రంగనాయకులు కూడా తల ఎత్తలేదు. పొద్దుటి నుంచీ ఆ మలుపును అంతసేపు చూశాం, బండి జారడం చూశాం, జెండా చూశాం, ఎవరు ముందో ఎవరు వెనకో చూశాం. ఆ జారిన బండిలో ఒక కుర్రవాడున్నాడని, వాడికీ ఒక నాన్న ఉండి ఉంటాడని, మాలో ఒక్కడికీ తట్టలేదు. రెండు బూరెల కోసం గురువును తిట్టుకున్న నాకు ఆ క్షణంలో నా ఆకు మీద నుంచి చూపు తిప్పే ధైర్యం లేకపోయింది. సిగ్గు పడాల్సినవాడు ఒకడే గాని తలలు మాత్రం అందరివీ వంగాయి.

శశాంక్ ఉన్నట్టుండి లేచాడు. భోజనం మధ్యలో లేవకూడదన్న సంగతి కూడా మరిచిపోయి, ఆకు దాటుకుని, స్వామి పక్కనున్న గంప దగ్గరికి గబగబా వచ్చాడు.

“నేను వడ్డిస్తాను స్వామీ! అందరికీ నేనే వడ్డిస్తాను. ఆ పెద్దాయనకి మొదట పెడతాను” అంటూ గంప మీది గుడ్డ తియ్యబోయాడు. వేళ్ళకి పూర్ణం, నెయ్యి ఇంకా అలాగే అంటుకుని ఉన్నాయి.

స్వామి గంపను నెమ్మదిగా తనవైపు లాక్కున్నారు. కోప్పడలేదు. ఆ కుర్రవాడి చేతివైపే చూస్తూ అన్నారు.

“ఎంగిలి చెయ్యి నాయనా. ముందు కడుక్కుని రా.”