రిబ్బన్లు విప్పేవాడు

సన్యాసిరావు గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. రైల్వేలో కీమాన్‌గా ముప్పై నాలుగేళ్ళు కొండల్లో పట్టాల వెంట నడిచి, వదులైన చోటల్లా సుత్తితో బిగించుకుంటూ పోయిన మనిషి ఆయన. రిటైరయ్యాక విశాఖలో మాలాంటి డజను మందికి గురువయ్యారు. మేమంటే వారమంతా కుర్చీల్లో కూర్చుని, ఆదివారం వచ్చేసరికి యాభై కిలోమీటర్లు పరిగెత్తాలని సరదా పడేవాళ్ళం. కొండ ఎక్కేటప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలని నేనొకసారి అడిగితే, దినపత్రిక బిగ్గరగా చదువుతూ ఎక్కమన్నారు. మొదటి మూడు రోజులూ నేను చదివింది నాకే అర్థం కాలేదు. నెల తిరిగేసరికి సంపాదకీయం దాకా వచ్చాను. ఊపిరి సంగతి మళ్ళీ అడగలేదు.

మాలో ఫణీంద్ర అని ఒకతను ఉన్నాడు. మందుల కంపెనీ ల్యాబులో పని, ముప్పై ఎనిమిదేళ్ళు, ప్రతిదీ కొలిచి చూసుకునే మనిషి. అరకు వైపు కొండల్లో ఏటా జనవరిలో జరిగే ఎనభై కిలోమీటర్ల పరుగుకి పోయిన ఏడాది వెళ్ళాడు. యాభై ఎనిమిదో కిలోమీటరు దగ్గర మజిలీలో, గడువుకి ఇంకా యాభై నిమిషాలు ఉండగానే, మోకాలు పోయిందని చెప్పి, గుండెల మీది నెంబరు కాగితం తనే విప్పి ఇచ్చేసి జీపెక్కేశాడు. మర్నాడు వాళ్ళ అపార్ట్‌మెంట్లో లిఫ్టు పనిచేయక నాలుగంతస్తులూ మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళాడు. మోకాలు కిక్కురుమనలేదు. అక్కడ పట్టుకుంది అతనికి బెంగ. ఇద్దరు డాక్టర్లకి చూపించుకున్నాడు, స్కాన్ తీయించుకున్నాడు. ఏ లోపమూ లేదని రిపోర్టు వచ్చిన రోజున ఆ కాగితం పట్టుకుని కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. మోకాలు బాగున్నందుకు ఏడ్చిన మనిషిని నేను పరుగు మనుషుల్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు. మాకు నవ్వొచ్చిన మాట నిజమే గానీ, అతని మొహం చూశాక నవ్వలేకపోయాం.

ఆ తరవాత పదకొండు నెలలు తెల్లవారక ముందే లేచి సాధన చేశాడు. ఈ ఏడాది పరుగు ఇంకా మూడు వారాలు ఉందనగా, ఒక ఆదివారం అందరం బీచి గోడ మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నప్పుడు అడిగాడు.

"గురువు గారూ, ఆగిపోమని చెప్పేది ఒళ్ళా, మనసా? ఆ క్షణంలో తేడా ఎలా తెలుసుకోవాలి? అది తెలియకుండా వెళ్ళి మళ్ళీ దిగిపోయానంటే, ఇంక నేను ఈ పరుగు జోలికి రాను."

బెదిరింపుకి అన్న మాట కాదది. అతను మానేస్తానంటే మానేసే మనిషేనని మాకందరికీ తెలుసు. సన్యాసిరావు గారు మజ్జిగ పూర్తిగా తాగి, గ్లాసు పక్కన పెట్టారు.

"ఈపాలి నువ్వు పరిగెట్టొద్దు బాబూ. ఎనకాల రిబ్బన్లు ఇప్పుకుంటూ రా."

కొండదారుల్లో పరుగు పెట్టేటప్పుడు దారి తప్పకుండా చెట్లకీ పొదలకీ రంగు రిబ్బన్లు కడతారు. అందరికంటే వెనక పరిగెత్తేవాళ్ళ తరవాత ఒక మనిషి వాటిని విప్పి సంచిలో వేసుకుంటూ నడుస్తాడు. ఆఖరి పరుగుమనిషిని అతను దాటిపోకూడదు, తొందర పెట్టకూడదు. మజిలీకి గడువు దాటాక చేరినవాళ్ళ గుండెల మీది నెంబరు కాగితాన్ని పిన్నులు తీసి విప్పాల్సిందీ అతనే. మెడలో దండ పడే పని కాదు గనక ఎవరూ ముందుకు రారు. పదకొండు నెలలు కష్టపడ్డవాడికి ఈ పని అప్పజెప్పడం అన్యాయమని నాకనిపించింది, పైకే అన్నాను. గురువు గారు నావైపు చూడనైనా లేదు. ఫణీంద్ర రెండు రోజులు సాధనకి రాలేదు. మూడో రోజున నిర్వాహకులకి ఫోన్ చేసి, పరుగు జాబితాలోంచి పేరు తీయించుకుని, రిబ్బన్ల పనికి రాయించుకున్నాడు.

పరుగు రోజు మధ్యాహ్నం పన్నెండింటికి నలభై ఒకటో కిలోమీటరు దగ్గర అతను సంచి తగిలించుకుని నిలబడ్డాడు. అక్కణ్ణించి యాభై ఎనిమిది దాకా అతని వంతు. ఆ మజిలీకి గడువు మూడున్నర. ఆఖరి మనిషి వచ్చింది. పేరు హైమవతి, యాభై ఆరేళ్ళు, విజయనగరంలో ఇంటర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. నీళ్ళు పట్టుకుని, ఒక అరటిపండు తిని, రెండోది నడుముసంచిలో పెట్టుకుని బయల్దేరింది. కాఫీతోటల్లోంచి దారి. ఆవిడ చదునులో మెల్లగా పరిగెత్తేది, ఎక్కుడులో నడిచేది. ఇతను ఇరవై అడుగుల వెనక రిబ్బన్లు విప్పుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఆవిడ రాతి మీద కూర్చుని బూటు విప్పి, మేజోడు తీసి, పాదం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తరవాత మోకాలు రెండు చేతులా నొక్కి చూసుకుంది. తన మోకాలే గుర్తొచ్చి ఇతను దగ్గరికి వెళ్ళాడు.

"నొప్పిగా ఉందా మేడమ్?"

"ఉంది. వాపు లేదు, బెణుకు లేదు, చర్మం ఊడలేదు. చూసుకున్నాను కదా, ఇంక దాన్ని పట్టించుకోనక్కర్లేదు," అంటూ లేచింది.

యాభై నాలుగో కిలోమీటరు దగ్గర కాలిబాట ఘాట్ రోడ్డుని దాటుతుంది. మజిలీ చేరేలోపు జీపు రాగలిగిన ఆఖరి చోటు అదే. జీపు అక్కడ నిలబడి ఉంది. రెండూ యాభై అయింది. ఇంకా నాలుగు కిలోమీటర్లు, అంతా ఎక్కుడు. ఫణీంద్ర గడియారం చూసి లెక్క కట్టాడు. ఆవిడ నడకకి కిలోమీటరుకి పన్నెండు, పదమూడు నిమిషాలు పడుతోంది. అతనికి ఆవిడ మీద జాలి కలిగింది. తొందర పెట్టకూడదన్నారే గానీ, ఆపకూడదని ఎవరూ చెప్పలేదు.

"మేడమ్, ఏమీ అనుకోకండి. లెక్క ప్రకారం మీరు మూడున్నరకి చేరలేరు. అనవసరంగా ఒళ్ళు హూనం చేసుకోవడం ఎందుకు? జీపెక్కండి."

ఆవిడ నుదురు తుడుచుకుంది. "లెక్క నాకూ వచ్చండీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే చెప్పుకుని బతుకుతున్నాను. మూడూ నలభైకి గానీ చేరను."

"మరి?"

"మరేముంది? ఆపడానికి మీరున్నారు కదా. ఆ పని కూడా నేనే చెయ్యాలా?"

కోపంగా అన్నది కాదు. తిన్న రెండో అరటిపండు తొక్క జీపు డ్రైవరు చేతికిచ్చి, ఎందులో వెయ్యాలో చెప్పి, రోడ్డు దాటి ఎక్కడం మొదలుపెట్టింది. డ్రైవరు ఫణీంద్ర వైపు చూశాడు. అతను చెయ్యి ఊపి జీపుని పంపేశాడు.

మూడూ ముప్పై ఎనిమిదికి మజిలీ చేరారు. ఆవిడ ఆఖరి కిలోమీటరులో మామూలుకంటే కాస్త వేగంగానే నడిచింది. బల్ల దగ్గర కూర్చున్న మనిషి టైము రాసుకుని తల అడ్డంగా ఊపాడు. హైమవతి ఒక్క నిమిషం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు. తరవాత ఫణీంద్ర ఎదురుగా వచ్చి నిటారుగా నిలబడింది. నాలుగు పిన్నులు తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది. కాగితం చేతికొచ్చాక ఆవిడ అతని భుజం తట్టి, టీ ఎక్కడిస్తున్నారని అడిగింది.

ఇదంతా సాయంత్రం పరుగు ముగిసే చోట ఫణీంద్ర మాకు చెప్పాడు. మేమంతా అదేదో గొప్ప సంగతిలా విన్నాం గానీ, అతను మాత్రం స్థిమితంగా లేడు. నేను అనుకున్నదే చివరికి అడిగాడు.

"గురువు గారూ, ఆవిడ ధైర్యం నాకు నచ్చింది. కాదనను. కానీ ఫలితాల కాగితం చూశాను. పూర్తి చేయనివాళ్ళ వరసలో ఆవిడ పేరుంది. పోయినేడు నా పేరూ ఆ వరసలోనే ఉంది. చోటు కూడా అదే, యాభై ఎనిమిది. ఇద్దరికీ తేడా ఏముంది? నేనడిగినదానికి జవాబెక్కడుంది?"

నిజంగా దెబ్బ తగిలినవాణ్ణి గురువు గారు ఒక్క అడుగు వెయ్యనివ్వరు. నా చీలమండ బెణికిన ఏడాది పరుగు మొదలవకముందే నన్ను తిట్టి ఇంటికి పంపేశారు. కాబట్టి ఎలాగైనా సాగిపోవాలన్నది ఆయన ఉద్దేశమని నేననుకోను. ఆ సాయంత్రం ఆయన ఫణీంద్ర తెచ్చిన సంచి ఒళ్ళో బోర్లించుకుని, మళ్ళీ ఏడాదికి పనికొస్తాయని, రిబ్బన్ల ముడులు ఒక్కొక్కటీ విప్పి సాపు చేస్తున్నారు. వినలేదేమో అనుకుని ఫణీంద్ర మళ్ళీ మొదలుపెట్టబోయాడు. అప్పుడు తలెత్తకుండానే అన్నారు.

"ఆయమ్మ నెంబరు నువ్వు ఇప్పేవు. పోయినేడు నీది ఎవులు ఇప్పేరు బాబూ?"