లేవని ముల్లు

"గౌరినాయుడూ, ఆపు! ముందు నుంచి పొగ!" పక్క సీట్లోంచి నర్సు సత్యవేణి అరిచింది.

పాడేరు ఘాట్ రోడ్డులో అద్దెకారు నడిపే గౌరినాయుడు మంచివాడే గానీ, తన బండికి జబ్బుందంటే వినలేకపోయేవాడు. ఎత్తెక్కేటప్పుడు ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోయేది. ఎక్కినవాళ్లు భయపడేవారు. అందుకని వారం క్రితం ముల్లుకు వేడి తెలిపే సెన్సర్ తీగ పీకేశాడు. ముల్లు అడుగున పడి నిద్రపోయింది. అప్పట్నుంచి మబ్బుల్లోకి పోతున్నట్టు, పాడుకుంటూ కొండెక్కేవాడు.

ఇప్పుడు కంగారుగా దిగి, రేడియేటర్ మూత తిప్పబోయాడు. సత్యవేణి ఆ చెయ్యి పట్టి లాగేసింది.

"చెయ్యి ఉడికిపోతుంది తమ్ముడూ! లోపల నీళ్లు మరుగుతున్నాయి."

ఆమె దగ్గర టీకాల పెట్టె ఉంది. పై ఊళ్లో తల్లులు పసిపిల్లల్ని ఎత్తుకుని ఎదురుచూస్తున్నారు. పెట్టెలో మంచు కరిగితే టీకాలు పాడవుతాయి. ఆమె మెకానిక్ కనకయ్యకు ఫోన్ చేస్తుంటే, గౌరినాయుడు చేతికి గుడ్డ చుట్టుకుని గుట్టుగా తీగ తగిలించేశాడు.

కనకయ్య అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. ఇంజను చల్లారాక చిట్లిన గొట్టానికి కట్టు కట్టి, నీళ్లు పోశాడు. పెట్టె తెరిచి చూస్తే మంచు ఇంకా గట్టిగానే ఉంది. సత్యవేణి ఊపిరి పీల్చుకుంది.

"అయినా ముల్లు అసలు లేవలేదేం కనకయ్యా?"

"సెన్సర్ ఆ నీళ్లలోనే మునిగి ఉంటుందమ్మా. నీళ్లు కాగేకొద్దీ కరెంటును ఎక్కువ పోనిస్తుంది, ముల్లు లేస్తుంది. తీగ బాగానే ఉంది. అంటే సెన్సరే పోయింది. పోయిన నెల వేసింది నేనే. తప్పు నాదే."

"బాగుందయ్యా! ఇక నీ చేతిపని నమ్మి ఎవరు బండెక్కుతారు?"

కనకయ్య తల దించుకున్నాడు. చేతికి మసి, కడుపులో ఆకలి, పైగా ఈ మాట.

గౌరినాయుడు కాలకుండా మిగిలిన తన చేతిని చూసుకున్నాడు. కొండగాలి చల్లగా తగిలింది. కళ్లు చెమర్చాయి.

"ఆయన్ని అనకండి నర్సమ్మగారూ. తీగ నేనే పీకేశాను. ఇందాక మీరు ఫోన్‌లో ఉంటే మళ్లీ పెట్టేశాను. నా చెయ్యి మీరు కాపాడారు, బండిని కనకయ్య బాబాయి కాపాడాడు. మీ ఇద్దరి దగ్గరా ఎలా దాచను?"

మన లోపం చూపేదాని నోరు నొక్కితే ఆ నింద మంచివాళ్ల మీద పడుతుంది. చూపినందుకు దానికి దండం పెట్టుకోవాలి.