బద్దెమ్మ కొండ మీద విరిగిన విల్లు

గోదావరి దాటి మన్యంలోకి పోయే ఘాట్ రోడ్డులో, జీపులు ఇంజనుకు నీళ్లు పోసుకోవడానికి ఆగే మలుపు ఒకటి ఉంది. అక్కడ దిగితే ఎడమచేతి వైపు కనిపించేదే బద్దెమ్మ కొండ. అక్కడి నుంచి కాలినడకే. సగం దూరం వరకు కమిటీవారు సిమెంటు మెట్లు కట్టించారు, మిగతా సగం బండరాళ్ల మీదుగా ఎక్కాలి. వానాకాలంలో జలగలు పడతాయి కనుక భక్తులు కాస్త ఉప్పు మూటగట్టుకుని రావడం మంచిది.

గుడికి గోపురం లేదు, ప్రాకారం లేదు. రాతిగోడల మీద గడ్డికప్పు వేసిన చిన్న ఇల్లు. స్లాబు వేయిద్దామని దాతలు ముందుకొచ్చారు గాని, పూజారి కుటుంబం ఒప్పుకోలేదు. లోపల విగ్రహం కూడా లేదు. చెక్కపీట మీద రెండు ముక్కలుగా విరిగిన విల్లు, దాని ముందు పసుపు రాసిన రాయి. అమ్మవారెక్కడ అని కొత్తగా వచ్చినవారు అటూ ఇటూ చూస్తుంటారు. ఆ విల్లే అమ్మవారు. మొదటి విల్లు ఏనాడో మట్టిలో కలిసిపోయింది. చెదపట్టినప్పుడల్లా అదే తీరున ఇంకొకటి చేసి, విరిచి పెడుతూ వచ్చారు.

ఆ విల్లును దగ్గరగా చూస్తే రెండు పొరలు కనిపిస్తాయి. విలుకాడి వైపు ఉండే పొర కర్ర, దానిని పొట్ట అంటారు. అవతలి వైపు ఉండేది వెదురు బద్ద, అది వీపు. విల్లును లాగినప్పుడు పొట్ట నలుగుతుంది, వీపు సాగుతుంది. నలగడానికి చేవగల కర్ర కావాలి. సాగడానికి వెదురును మించినది లేదు. వీపు బాగుంటే పొట్టలోని చిన్న లోపాన్ని విల్లు భరిస్తుంది. వీపే చెడితే మాత్రం ఇక ఏదీ కాపాడదు.

పూర్వం ఇక్కడ, కొండ దిగువన, కొండరెడ్ల గూడెం ఒకటి ఉండేది. అందులో విళ్లు చేసే జోగిరెడ్డి పేరు చుట్టుపక్కల కొండలన్నిటా తెలుసు. కర్రకు ఆయన తడ చెట్టునే ఎంచుకునేవాడు. కావడిబద్దలు చేసేది కూడా ఈ చెట్టుతోనే. బరువుకు వంగుతుంది, దించగానే లేస్తుంది. అందులోనూ లోయ నీడలో తాపీగా పెరిగినదీ, పీచు మెలితిరగనిదీ కావాలి. దానిని రంపంతో కోయకుండా, పీచు వెంటనే చీల్చి, పొయ్యి మీది అటకలో పెట్టి వానాకాలమంతా పొగ పట్టనిచ్చేవాడు.

వెదురు విషయంలో ఆయన పట్టింపు ఇంకా ఎక్కువ. ఆ యేడు లేచిన పిలకలో నీరు ఎక్కువ. ముసలి బొంగు పెళుసు. నడివయసు గట్టి వెదురును చలికాలంలో, చీకటి పక్షంలో నరకాలి. వెన్నెల రోజుల్లో నరికినదానికి పురుగు పడుతుందని మన్యంలో నేటికీ అంటారు. బద్ద పైపొరను కత్తి తాకకూడదు. గీత పడినచోటనే చిట్లుతుంది. లోపలి వైపు మాత్రం బాడిసతో చెక్కి చదును చేసి, తోలు కాచిన బంకతో కర్రకు అతికించి, దుప్పి నరాలతో చుట్టేవాడు. ఇంత పనికీ ఆయన దగ్గర ఉన్నవి గొడ్డలి, బాడిస, వంగిన కత్తి, గీకడానికి ఒక ఆల్చిప్ప.

చివరగా విల్లును బర్రెంక ఆకుతో రుద్దేవారు. ఈ ఆకు తెలియనివారి కోసం చెబుతున్నాను, అది పిల్లి నాలుకలా గరుగ్గా ఉంటుంది. మా చిన్నతనంలో బడిలో పలకల చట్రాలు దానితోనే నున్నగా చేసుకునేవాళ్లం. గరుకు కాగితం వచ్చాక ఆ చెట్టును పలకరించేవారు లేరు. జోగిరెడ్డి ఇంట్లో ఆకు పట్టే పని కూతురిది. తండ్రి వెదురు బద్దలు చీలుస్తున్న వేళ పుట్టిందని ఆమెకు బద్దెమ్మ అని పేరు పెట్టారు. ఆమె భర్త పోతిరెడ్డి ఇల్లరికపు అల్లుడు. ఆమె తమ్ముడు ఎర్రంరెడ్డి జోగిరెడ్డికి ఒక్కగానొక్క కొడుకు.

ఆ కాలపు ఆచారం ఒకటి ఇక్కడ చెప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. కొత్త విల్లును చెవిదాకా లాగే మొదటి హక్కు దానిని తీసుకునేవాడిది. చేసినవాడు వంపు చూసుకోవడానికి సగం వరకే వంచాలి. పూర్తిగా లాగితే విల్లు ఎంగిలి అవుతుందని, ఎంగిలి విల్లుకు వేట దొరకదని గట్టి నమ్మకం.

ఒక ఏడు కొండమీద వెదురు పూసింది. వెదురు పూయడమంటే ఒక పొద పూయడం కాదు. అడవిలోని వెదురంతా ఒకేసారి పూసి, గింజ రాల్చి, నిలువునా చచ్చిపోతుంది. మొదట్లో జనం సంతోషించారు. గంపలకొద్దీ వెదురు బియ్యం ఊడ్చుకొచ్చారు. అలాంటి బియ్యం వేరొకప్పుడు నేనూ తిన్నాను, కొంచెం తీపిగా ఉంటుంది, ముందునాడే నానబెట్టకపోతే ఉడకదు. అయితే మనుషులకంటే ముందు ఎలుకలు తిన్నాయి. తిని లెక్కకు మించి పెరిగాయి. గింజలు అయిపోయాక గూడెం మీద పడ్డాయి. గాదెల్లో ధాన్యం తిన్నాయి, చూరుకు వేలాడే విళ్లను కూడా వదలలేదు. నరాలు, నారితాళ్లు, తోలుబంక అన్నీ కొరికివేశాయి, బద్దల వీపుల మీద పంటి గాట్లు పెట్టాయి. గూడెంలో పనికివచ్చే విల్లు ఒక్కటీ మిగల్లేదు.

వెదురు చావడంతో దుప్పులు వేరే కొండలకు పోయాయి. వాటిని తిని బతికిన పులి మాత్రం పోలేదు. అడ్డాకులకు వెళ్లిన ఒక ఇల్లాలిని ఎత్తుకుపోయింది. తరువాత మేకల దగ్గర ఒక ముసలివాడిని. పోడులో పంట కోతకు వచ్చి ఉంది, చేలోకి అడుగుపెట్టేవాడు లేడు. కోయకపోతే ఆ మిగిలిన గింజా ఎలుకలపాలు. పెద్దలు కూర్చుని పులిని తోలాలని తీర్మానించారు. డప్పులతో పైనుంచి తోలితే అది రెండు బండల మధ్య ఇరుకు దారిలో దిగుతుంది. బండకొకడు చొప్పున విలుకాళ్లు కాచుకోవాలి. ఆ ఇద్దరూ ఎర్రంరెడ్డి, పోతిరెడ్డి. ఎవరి వైపు దూకుతుందో చెప్పలేరు. ఆ క్షణంలో విల్లు పనిచేయకపోతే ఆ మనిషి తిరిగి రాడు.

రెండు విళ్లు కావాలి. తడ చెక్క అటకలో సరిపడా ఉంది. వెదురు పూయకముందు నరికిన బద్ద మాత్రం ఒక్కటే మిగిలింది. దానితో ఒక విల్లు చేశాడు జోగిరెడ్డి. రెండోదానికి పూసి చచ్చిన వెదురును తెచ్చాడు. అది తేలికగా, చక్కగా ఆరినట్టే కనిపిస్తుంది. లోపల పీచులో జీవం ఉండదు. ఈ సంగతి మన్యంలో పిల్లలకు కూడా తెలుసు. రెండు విళ్లకూ పసుపు రాసి, పొగ పట్టించి, ఒకే రంగుకు తెచ్చాడు. మంచి విల్లు కొడుకు కోసం పెట్టాడు, రెండోది అల్లుడి కోసం.

ఆయన మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? అల్లుడు పోతే కూతురికి మారుమనువు చేయవచ్చు, కొడుకు పోతే మళ్లీ రాడు అనుకున్నాడని దిగువ గ్రామాల వారు చెబుతారు. చచ్చిన వెదురు కూడా ఒక్కోసారి నిలుస్తుంది, ఇదీ నిలుస్తుందిలే అనుకున్నాడని పూజారి కుటుంబం చెబుతుంది. నా మట్టుకు నాకు రెండూ నిజమేననిపిస్తుంది.

తెల్లవారి గూడెమంతా పోగైంది. బావామరుదులిద్దరూ భయం కనబడకుండా ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు.

“పులి నీ వైపొస్తే నన్ను కేకెయ్యరా బామ్మర్దీ. పోయినేడు పందికని బాణమేసి చెట్టుకి మేకు కొట్టావు” అన్నాడు పోతిరెడ్డి.

“నువ్వు ముందు గోచీ బిగించుకో బావా. పులిని చూశాక తీరికుండదు” అన్నాడు ఎర్రంరెడ్డి.

విళ్లకు బొట్టు పెట్టి చేతికివ్వడం ఆడపడుచు పని. బద్దెమ్మ తమ్ముడి విల్లుకు బొట్టు పెట్టి, అలవాటు కొద్దీ వీపు మీద గోటితో మీటింది. ఖంగుమన్నది. భర్త విల్లును మీటింది. ఎండిన సొరబుర్రను తట్టినట్టు పొల్లుగా పలికింది. ఆమె తండ్రి వైపు చూసింది.

“అయ్యా, దీనికి ఆకు ఎవరు పట్టారు?”

“నేనే. నీకు పనెక్కువైందని.”

“ఎప్పుడూ లేంది. అయ్యా, నువ్వొకసారి లాగు.”

“మతిపోయిందా? ఎంగిలి విల్లిచ్చి పంపుతావా మొగుణ్ని?”

“ఎంగిలైతే కడుక్కుంటాడు. లాగు అయ్యా.”

జోగిరెడ్డి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. “పొద్దెక్కుతోంది. ఇచ్చెయ్యి” అన్నాడు.

ఆమెకు అర్థమైంది. ఆ మాట పైకి అంటే తండ్రిని గూడెం నిలువునా చీలుస్తుంది. అనకపోతే భర్త బండ దగ్గర చస్తాడు. పక్కన పోతిరెడ్డి ఏమీ ఎరగక, “ఇటివ్వవే, నీతో మాట్లాడేలోగా పులి ముసలిదైపోయేట్టుంది” అని నవ్వుతున్నాడు. ఆమె కూడా నవ్వింది.

“ఉండు. ఇవ్వాళ నీకు నా ఎంగిలే గతి” అని, ఎవరూ అడ్డుకునేలోగా విల్లు ఎత్తి చెవిదాకా లాగింది. చిన్నప్పుడు తండ్రి పక్కన ఆడుకుంటూ నేర్చిన విద్య. పులి ముందు విరిగితే మనిషి పోతాడు, ఇక్కడ విరిగితే విల్లే గదా పోయేది అనుకుని ఉంటుంది.

కణుపు దగ్గర బద్ద పైకి లేచింది. విల్లు రెండు ముక్కలైంది. జానెడు పొడవున్న వెదురు పేడు ఆమె దవడ కింద దిగబడింది.

అమ్మవారు చివరగా ఏమన్నదని భక్తులు అడుగుతుంటారు. ఏమీ అనలేదు. గొంతులో వెదురు దిగిన మనిషి మాట్లాడలేదు. తండ్రి వైపు చూసిందని మాత్రం చెబుతారు. భర్త ఒడిలోనే ప్రాణం పోయింది.

పోతిరెడ్డి విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని విరుపు చూశాడు. సుద్దలా తెల్లగా, పొడిగా ఉంది. పక్కవాడికిచ్చాడు. అలా అది చేతులు మారుతూ గూడెమంతా తిరిగింది. చివరకు ఎర్రంరెడ్డి తన విల్లును బావ కాళ్ల దగ్గర పెట్టి, తండ్రి వైపు తిరిగి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. జోగిరెడ్డిని కొండమీద నుంచి తోసివేద్దామన్నారు కొందరు. “వద్దు, మావ బతకాలి” అన్నాడు పోతిరెడ్డి.

ఆ రోజు వేట సాగలేదు. ఆ తరువాత పులి ఎవరికీ కనిపించలేదు. దుప్పుల వెంట వేరే కొండకు పోయి ఉంటుంది. అసలు ఆ విళ్ల అవసరమే లేకపోయింది.

కూతురిని కొండమీద పూడ్చి, గుర్తుగా రాయి పాతి వచ్చాక జోగిరెడ్డి తిండి మానేశాడు. ఒక మధ్యాహ్నం అరుగు మీద కునుకు పట్టినప్పుడు బద్దెమ్మ కలలో కనిపించింది. “అయ్యా, ఆ చచ్చిన వెదురుతోనే ఇంకొకటి చెయ్యి. నేను నిలబడ్డచోట నిలబడి లాగు” అన్నది. ఆయన లేచి పనిలో పడ్డాడు. ఆకు కూడా తానే పట్టాడు. విల్లు పూర్తయిన రోజున గూడెం నడుమ నిలబడి చెవిదాకా లాగాడు. విరగలేదు. మళ్లీ లాగాడు. మెడ ముందుకు చాచి లాగాడు. చేతులు పడిపోయేదాకా లాగాడు. విల్లు విరగలేదు.

“విరగడం లేదురా” అని నేలమీద కూలబడి ఏడ్చాడు. పోతిరెడ్డి వచ్చి ఆ విల్లు తీసుకుని, “చాలు మావా” అన్నాడు.

జోగిరెడ్డి మిగిలిన కాలమంతా కొండమీద కూతురి రాయి దగ్గరే గడిపాడు. అమ్మకు మొదటి పూజారి ఆయనే. ఇప్పటి పూజారులు ఎర్రంరెడ్డి సంతతివారు. పోతిరెడ్డి మాత్రం చేసినవాడు ముందుగా లాగని విల్లును ఆ తరువాత చేత్తో తాకలేదు. “ఎంగిలి విల్లే తెండి” అనేవాడట. మెల్లగా కొండలన్నిటా అదే ఆచారమైంది.

ఇప్పుడు మన్యంలో విళ్లు పట్టేవారు తక్కువ. ఆచారం మాత్రం నిలిచింది. మాఘమాసం చీకటి పక్షంలో జరిగే జాతరకు ఇతరుల ప్రాణం ఆధారపడే వస్తువులు చేసేవారంతా వస్తారు. తాటిచెట్టు ఎక్కే మోకు పేనేవారు, పడవలు కట్టేవారు, నిచ్చెనలు చేసేవారు, సెంట్రింగు పనివారు, ఈ మధ్య తీర్థాల్లో రంగులరాట్నం బిగించేవారు కూడా. తాము చేసినదానిని అమ్మ ఎదుట ముందుగా తామే ఎక్కి, లాగి చూపుతారు. సంతానమో సంపదో ఇక్కడ ఎవరూ అడగరు. నా చేతిపని వల్ల ఒకరికి చావు రాకూడదు అని మాత్రం మొక్కుతారు. ఆ మొక్కు అమ్మ వింటుందని నమ్మకం.

అందరి తరువాత పూజారి వంతు. ఆ యేడు తాను చేసిన విల్లును తెచ్చి నిలబడతాడు. అప్పుడు ఆయన కూతురు, కూతురు లేకపోతే అన్నదమ్ముల బిడ్డ, ముందుకు వచ్చి “అయ్యా, నువ్వొకసారి లాగు” అని అడుగుతుంది. “లాగుతానమ్మా” అని ఆయన జవాబివ్వాలి. డప్పులు ఆగిపోతాయి. ఇంతవరకే ఆచారం. అయితే నేను చూసిన ప్రతి జాతరలోనూ, ఏ నియమమూ లేకపోయినా, ఆ తండ్రి ముందు ఒక చేతితో పిల్లను దూరంగా వెనక్కి జరుపుతాడు. ఆ తరువాతే విల్లు ఎత్తుతాడు.