ఫిర్యాదులు లేని రాజ్యం

చేతుల్లోకి ఫోన్లు వచ్చినా పల్లకీలు మానని రాజ్యం ఒకటుండేది. అక్కడి మంత్రి దండపాణి చేతి అర్జీలు ఆపేసి, ఫిర్యాదులకు వెబ్‌సైటు పెట్టించాడు. తెరవగానే ముందు ఆయన ఏనుగెక్కి ఊరేగే వీడియో రావాలి, ఆ తర్వాతే ఫిర్యాదు రాసే చోటు. కోటలో అది చిటికెలో తెరుచుకునేది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే కొండ ఊళ్లలో మాత్రం తెరమీద చక్రం తిరుగుతూనే ఉండేది.

"ఏడాదిగా ఒక్క ఫిర్యాదూ లేదు ప్రభూ, జనం సుఖంగా ఉన్నారు," అన్నాడు మంత్రి నిండు సభలో.

కొండ ఊరి నుంచి గంపలమ్ముకోవడానికొచ్చిన సింగారమ్మ లేచి దండం పెట్టింది. "మా సుఖం మంత్రిగారు స్వయంగా వచ్చి చూడాలి దొరా. తిరిగి రావాలనిపిస్తే ఆ వెబ్‌సైటులో రాస్తారు, అప్పుడు పల్లకీ పంపండి."

రాజు సరేనన్నాడు. మంత్రిని కొండమీద దింపి పల్లకీ వెనక్కి వచ్చేసింది. కొండ దిగి నడవడం ఆయనకు నామోషీ. వెబ్‌సైటు తెరుచుకోవడం లేదని కబురు పెట్టడం అంతకన్నా నామోషీ.

వారాలు గడిచాక రాజు సింగారమ్మను పిలిపించాడు. "మంత్రి ఇంకా రాడేం?"

"ఫిర్యాదేమీ రాలేదు కదా దొరా. సుఖంగానే ఉండుంటారు."

రాజు తల దించుకున్నాడు. వెంటనే పల్లకీ వెళ్లింది, ఏనుగు వీడియో తీసేశారు.

సింగారమ్మ ఇంటికెళ్లి ఫోన్ తీసింది. వెబ్‌సైటు ఇట్టే తెరుచుకుని, ఏం కావాలో రాయమంది. పోయిన వానాకాలం, జ్వరంతో మూలుగుతున్న మొగుడి పక్కన కూర్చుని, వైద్యుణ్ణి పంపమని రాయడానికి, అతను పోయేదాకా ఆ చక్రం వంకే చూసింది.

ఇప్పుడేం రాయాలో తెలీక ఫోన్ బోర్లించింది.