పోయొచ్చే గుమ్మం

ఏకులపల్లె మసీదులో ఉత్తరం గోడకు తలుపు లేని గుమ్మం ఒకటుంది. దాన్ని పోయొచ్చే గుమ్మం అంటారు. అవతలే నీళ్ళ తొట్టి. నమాజు మధ్యలో ఎవరన్నా లేచి ఆ గుమ్మంలోంచి పోతే తల తిప్పి చూడకూడదు. వచ్చినాక ఎందుకు పోయినావని అడక్కూడదు. ఊరి కట్టుబాటు అది.

పూర్వం ఇక్కడ గుమ్మం లేదు, వట్టి గోడే. అప్పట్లో హుస్సేనప్ప అని దూది ఏకే ముసలాయన ఉండేవాడు. ఆయనకు కడుపులో వాయువు. నమాజుకు ముందు చేతులు, నోరు, మొహం, కాళ్ళు కడుక్కుంటారు, అదే వజూ. గాలి పోతే వజూ పోయినట్టే, మళ్ళీ కడుక్కోవాల. హుస్సేనప్ప వంగితే చాలు, పోయేది. తెలియనట్టు నిలబడే మనిషి కాదు. వరసలన్నీ దాటుకుని పోయి, కడుక్కుని వచ్చేవాడు. మళ్ళీ పోయేది.

"మబ్బు లేకుండానే ఉరిమిందిరోయ్" అని వయసు పిల్లోళ్ళు బయటికొచ్చి ఇకిలించేవాళ్ళు.

ముసలాయన రావడం మానేసినాడు.

"ఇంట్లో చదివితే అల్లాకు వినపడదా ఏంది?" అంది భార్య మదారమ్మ.

"వినపడుతుంది. పక్కన ఇంకో భుజం ఉండదు గదే."

శుక్రవారం మాత్రం ఉండబట్టలేక పోయి, తొట్టి దగ్గర చెప్పుల పక్కన కూర్చునేవాడు. లోపలికి పోడు.

నమాజు చదివించే నూరుల్లా షా తాత చెవిన ఈ సంగతి పడింది. ఎవర్నీ తిట్టలేదు. శుక్రవారం నమాజు నడిమధ్యలో, వెనకాయన్ను తన చోట నిలబెట్టి, వరసలు దాటుకుని బయటికొచ్చినాడు. ముక్కు పట్టుకుని పోతే రక్తం కారి వజూ పోయిందేమో అనుకుంటారు, పరువు దక్కుతుంది. ఆయన పట్టుకోలేదు. నిజంగా పోయిందో లేదో ఆయనకు, అల్లాకు తెలుసు. మనకెందుకు.

"నాకూ పోయింది హుస్సేనప్పా. కొంచెం నీళ్ళు పొయ్యి."

హుస్సేనప్ప చెంబు అందుకున్నాడు. "నవ్వుతారు సామీ."

"పెద్దోణ్ణి, ముందు నన్ను చూసి నవ్వాల గదా. నువ్వూ కడుక్కో, పోదాం."

"మళ్ళీ పోతే?"

"మళ్ళీ వద్దాం."

ఇద్దరూ తడి కాళ్ళతో పోయి ఆఖరి వరసలో నిలబడినారు. ఎవడూ నవ్వలేదు. మర్నాడు నూరుల్లా తాతే గడ్డపార పట్టి ఉత్తరం గోడ పగలగొట్టినాడు, ఇంకెవరూ వరసలు దాటే పని లేకుండా. ఇకిలించిన పిల్లోళ్ళే రాళ్ళు మోసినారు.

ఇప్పటికీ ముసలోళ్ళు, చక్కెర జబ్బోళ్ళు ఆ గుమ్మం దగ్గరే నిలబడతారు. శుక్రవారం పొద్దున ఊరి ఆడోళ్ళు తొట్టి నింపుతారు. నింపిన ఇంట్లో పెద్దోళ్ళ పరువు నిలుస్తుందని నమ్మకం. కడుపు బాగవుతుందా అని దూరం నుంచి వచ్చినోళ్ళు అడుగుతారు. హుస్సేనప్పకే బాగవలేదు. చచ్చేదాకా ఆ గుమ్మంలో పోయొస్తానే ఉన్నాడు. ఇంట్లో మాత్రం మళ్ళీ ఒక్క పూటా నమాజు చదవలేదు.